ఏడుసార్లు వడకట్టిన నీళ్లు

"సార్, మీ బావి నీళ్లు పుల్లగున్నయ్. సాఫ్ చేయించకుంటే ఒకటో తారీఖు ఇల్లు ఖాళీ చేస్త," అన్నాడు పై పోర్షన్‌లో అద్దెకుండే కృపాకర్.

"పుల్లగుంటే ఏందయ్యా, పప్పుల చింతపండు మిగులుతది," అన్నాడు అమరనాథ్. యాకుత్‌పురాలో సొంతిల్లున్న మనిషి, అంత తేలిగ్గా లొంగడు. "మా తాత తవ్విచ్చిన బావి. మస్తు మంచి నీళ్లు."

ఆ మస్తు మంచి నీళ్లతో ఆయనింట్లో గిన్నెలు తోముతారు. తాగడానికి మాత్రం, కింద ముందుగదిలో అద్దెకుండే కొండల్ రోజూ వేసే నీలం క్యాను. "ఏడుసార్లు వడకట్టింది సార్," అని కొండల్ ఒకసారి చెప్పాడు. అమరనాథ్ ఆ మాట చుట్టాలందరికీ చెప్పాడు.

కాలేజీలో నీళ్ల పరీక్షలు చేసే డానియేలును కృపాకర్ వెంటబెట్టుకొచ్చాడు. నీళ్లు బాగుంటే కృపాకర్ ఇక నోరెత్తకూడదు. బాగాలేకపోతే అమరనాథ్ తన ఖర్చుతో బావి కడిగించాలి.

"నీళ్లు నేనే తోడుకొస్త, మీరు కూసోండ్రి," అని అమరనాథ్ గాజు సీసా తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. బావి గిలకను నాలుగుసార్లు కిర్రుమనిపించి, వెనక తలుపులోంచి వంటింట్లోకి దూరి, సీసాను క్యాను కుళాయి కింద పెట్టి నింపాడు.

డానియేలు సీసా ఎత్తి వెలుగులో చూశాడు. పలచటి టీ రంగు. ఇన్నాళ్లూ స్టీలు గ్లాసుతో తాగిన అమరనాథ్‌కు ఆ రంగు కొత్త. చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపుపచ్చగా తిరిగాయి.

"యాసిడ్ ఉంది సార్. బావి మీద బాదం చెట్టుందా?"

"ఉంటే?"

"ఆకులు రాలి నానుతున్నయ్. గా ఆకుల పులుపే ఇది." డానియేలు మిగతా నీళ్లలో చిటికెడు బొగ్గు పొడి వేసి ఊపి, కాగితంలో వడగట్టాడు. రంగు పోయింది. "సూడండ్రి, ఆకుల రసం బొగ్గుకు అంటుకున్నది. బావి మాత్రం కడగాల్సిందే."

అమరనాథ్ నోరు తెరిచాడు. ఇవి బావి నీళ్లు కావంటే పరువు పోతుంది. మూసుకున్నాడు. చదువుకున్నోళ్ల పరీక్షలు ఇంతే అనుకుంటూ వాకిట్లోకి నడిచాడు.

కొండల్ ట్రాలీ ఆటోలోకి క్యాన్లు ఎక్కిస్తున్నాడు.

"కొండల్, రేపట్నుంచి బావి కడుగుతున్నరు. రెండు రోజులు బావి మోటరు బంద్."

కొండల్ తల గోక్కున్నాడు.

"అయితే రెండు రోజులు మీకు క్యాను గూడ బంద్ సార్."