తువాలు కింద ట్రాక్టరు

"అరవై వేలు! ఒక్క రూపాయి తగ్గినా ఇచ్చేదే లేదు. బండి ఈడనే తుప్పు పట్టిపోనీ!" బాలసుందరం అరుపుకి చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ రేకుల షెడ్డు దద్దరిల్లింది.

నాగలింగం మీసం దువ్వుకుని నవ్వాడు. ముప్పై ఏళ్లుగా ఎద్దుల సంతల్లో బేరాలు కుదిర్చిన దళారి ఆయన. ఇలాంటి అరుపులు ఎన్ని వినలేదు! అరిచేవాడు ఎప్పటికైనా అమ్ముతాడు, నోరు విప్పనివాడితోనే తంటా అని ఆయన నమ్మకం.

ఆయన్ని వెంటబెట్టుకుని ట్రాక్టరు కొనడానికొచ్చిన పుష్పవల్లికి మాత్రం ఆ ధర అందేది కాదు. రెడ్‌హిల్స్ అవతల మూడెకరాల మడి ఆమెది. వానలు నెత్తిమీదికొచ్చాయి. ఎద్దుల జతనీ పాడిగేదెనీ అమ్మి, చీటీ డబ్బు కలిపితే నలభై వేలైంది. ఇంకా కావాలంటే మెడలో వాళ్లమ్మ ఇచ్చిపోయిన నాలుగు సవర్ల బంగారు గొలుసు తప్ప మరేమీ లేదు.

"మామా, నలభై దాటితే నా వల్ల కాదు. పోదాం పా," అంది మెల్లగా.

"నువ్వు గమ్మునుండు అమ్మణ్ణీ. ఈ నాగలింగం కాలు పెట్టినాక కుదరని బేరముండాదా?"

ఆయన ఆ చిన్న ట్రాక్టరు చుట్టూ ఎద్దు చుట్టూ తిరిగినట్టే తిరిగాడు. ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు. టైరుని గిట్టలా తట్టాడు. బానెట్టు నిమిరి, ఎక్కడైనా చెడ్డ సుడి ఉందేమో అన్నట్టు వంగి వెతికాడు. షెడ్డులో పనివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వుకోనీ!

తర్వాత భుజం మీది తువాలు తీసి దులిపాడు. "సుందరం, నలుగురి ముందర నోటితో తగ్గమంటే ఏ మొగోడూ తగ్గడప్పా. మర్యాద పోతాది. మా సంత పద్ధతిలో మాట్లాడదాం. తువాలు కింద చెయ్యి పెట్టు. నేను నీ వేళ్లు పట్టుకుంటా. ఒక్కో వేలికీ పదివేలు. చూపుడు వేలు మొదలు, బొటనవేలు ఆఖరు. సమ్మతమైతే నా చెయ్యి నొక్కు. లోపలి ధర పైకి చెప్పేది నేనొక్కడినే, నువ్వు నోరు తెరవకూడదు. అది సంత ధర్మం."

బాలసుందరం అప్పటిదాకా గేరు బాక్సులో ఉన్న కుడి చెయ్యి బయటికి తీశాడు. మణికట్టుదాకా నల్లటి గ్రీసు. "ఉండప్పా, కడుక్కోనొస్తా."

"నువ్వు కడుక్కోనొచ్చే లోపల నీ బుద్ధి మారిపోతాది! పేడ చేతుల్తోనే ఎన్ని జతలు అమ్మించినాం మేం! గ్రీసొక లెక్కా?" అంటూ ఆ చేతి మీద తువాలు కప్పేశాడు.

లోపల రెండు వేళ్లు పట్టుకున్నాడు. బాలసుందరం పాము కరిచినట్టు చెయ్యి లాక్కోబోయాడు. మూడు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊగింది. ఈసారి నాలుగు వేళ్లూ కలిపి గుప్పిట్లో బిగించి, చెరుకు పిండినట్టు పిండి వదలకుండా పట్టుకున్నాడు. బాలసుందరం పైకప్పు వంక చూశాడు, నిట్టూర్చాడు. చివరికి ఆ పట్టులో ఉన్న వేళ్లతోనే నాగలింగం చేతిని గట్టిగా నొక్కాడు.

నలభైకి కుదిరింది! నాగలింగం ఛాతీ ఉబ్బింది. తన దళారి కూలి ఎటూ వస్తుంది, అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆశకి అడ్డేముంది? ఆయన కళ్లు పుష్పవల్లి మెడలో గొలుసు మీద పడ్డాయి.

"యాభై!" అన్నాడు తువాలు లాగి భుజాన వేసుకుంటూ. "అయిదు వేళ్లూ పట్టుకుంటే గానీ మనిషి దిగలా. పదివేలు తగ్గించినా, చూసుకో!"

బాలసుందరం నోరు తెరవబోయాడు. నాగలింగం కళ్లతోనే సంత ధర్మం గుర్తుచేశాడు. తన నలభై తనకొస్తుంది, ఇంకెందుకు గొడవ? బాలసుందరం తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఇంకో పదికి నేనేడ పొయ్యేది మామా?" అంది పుష్పవల్లి గొలుసు మీద చెయ్యి వేసుకుని.

"సౌకార్‌పేట ఏమన్నా దూరమా? ఆటో ఎక్కితే పోయె. శేటు మనకు బాగా తెలుసు. గొలుసు తాకట్టు పెట్టు, పంట రాంగానే విడిపించుకో. ఈ ధరకి ఇంత బండి చెన్నై అంతా గాలించినా దొరకదు."

శేటు పెట్టెలోకి పోయిన బంగారం తిరిగొచ్చిన ఇల్లు వాళ్ల వీధిలో ఒక్కటీ లేదు. అయినా దున్నకపోతే తినేదేమిటి? ఆమె కళ్లు తుడుచుకుని, రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి గొలుసు కొక్కెం తప్పించింది. నాగలింగం గ్రీసైన అరచేతిని తువాలుకి తుడుచుకుంటూ ఆటో కోసం వీధివైపు చూశాడు.

బాలసుందరం ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఎడమ చేత్తో జేబులోంచి తాళం తీశాడు. ఎడమ చేత్తో ఇవ్వకూడదని కుడి అరచేతిలో వేసుకుని ఆమె ముందు చాచాడు. "ఇందమ్మా, తాళం."

పుష్పవల్లి తాళం అందుకోలేదు. ఆ చేతి వంకే కాసేపు చూసింది. తర్వాత నింపాదిగా గొలుసు కొక్కెం మళ్లీ తగిలించుకుంది.

"మామా, అయిదు వేళ్లూ పట్టుకున్నానంటివే! నాలుగింటికీ గ్రీసు ఊడొచ్చేసిండాది, బొటనవేలికి మాత్రం పూసింది పూసినట్టే ఉండాదేంది?"