రెండు ఓట్ల జవాబు

ముగ్గురి తెలివీ కలిపి తూచినా ఒక్క లెక్కకు సరిపోయేది కాదు. ఇచ్చినవి నలభై.

అన్నీ భౌతికశాస్త్రం లెక్కలే. ఇంటి దగ్గర చేసుకు రమ్మని సార్ వారం క్రితమే చేతిలో పెట్టాడు. వారమంతా గాలికి తిరిగి, ఆఖరి రోజు మధ్యాహ్నం బక్కోడి గదిలో కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. ఐదింటికల్లా అన్నీ సార్ బల్ల మీద ఉండాలి.

బండోడు ముప్పై తొమ్మిదో లెక్క ముగించి గొప్పగా తల ఎత్తాడు.

“లిఫ్టులో ఉన్నవాడి బరువు మైనస్ ఆరు కిలోలొచ్చిందిరా.”

“ముందు వాణ్ని తాడేసి కట్టరా, ఎగిరిపోతాడు,” అన్నాడు సోడాబుడ్డి.

పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. తర్వాత ఆ మైనస్ కొట్టేసి, ఆరు అని రాసేశారు. వాళ్ల దృష్టిలో లెక్క తేలిపోయింది.

బక్కోడికి మాత్రం నవ్వు సరిగా రాలేదు. ఇంతకుముందు రెండుచోట్ల నెగ్గుకు రాలేక బయటపడ్డాడు. ఉండేది అక్క ఇంట్లో. “ఇదీ పోగొట్టుకుంటే నా గడప తొక్కకు,” అని అక్క ముందే చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

మిగిలింది నలభయ్యో లెక్క. బండోడు పైకి చదివాడు.

“నున్నటి నేల మీద కదలకుండా ఉన్న నాలుగు కిలోల పెట్టెను పన్నెండు న్యూటన్ల బలంతో తోస్తూ ఉంటే, నాలుగు సెకన్లలో ఎంత దూరం పోతుంది? నేలకు ఘర్షణ లేదనుకోండి... ఎందుకనుకోవాలి? ఇది రాసినవాడు జన్మలో బీరువా జరిపాడా?”

“వాడి పెళ్లాం జరిపుంటుంది. వీడు పక్కన నిలబడి, ఘర్షణ లేదనుకోవే అనుంటాడు,” అన్నాడు సోడాబుడ్డి.

మళ్లీ పది నిమిషాలు నవ్వులకే పోయాయి.

“నాలుగు సెకన్లకి వేగం పన్నెండు. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. నలభై ఎనిమిది మీటర్లు, రాసేయ్,” అన్నాడు సోడాబుడ్డి.

“మొదట్లో పెట్టె ఆగి ఉంది కదరా. వేగం మెల్లగా పెరిగింది. అందులో సగమే వస్తుంది. ఇరవై నాలుగు,” అన్నాడు బక్కోడు.

“మిగతా సగం ఎవడు తిన్నాడు?”

“సూత్రంలోనే సగం ఉందిరా!”

“ఆ సంగతి పెట్టెకి తెలుసా?” అన్నాడు బండోడు.

బక్కోడు తలుపు వైపు చూశాడు. “పక్క గదిలో మా మేనకోడలుంది. లెక్కల్లో దిట్ట. అడగనా?”

“ఎనిమిదో తరగతి పిల్లనా? ఉన్న కాస్త పరువూ తీయకు.”

ఇంతలో ఫోన్ మోగింది. సార్.

“ఎంతవరకొచ్చాయి? తప్పో ఒప్పో నాకనవసరం. ఒక్క ఖాళీ కనిపించినా ముగ్గురూ బయటికే!”

ఫోన్ పెట్టేశాక సోడాబుడ్డి తీర్పు చెప్పాడు. “ఓటేద్దాం. నలభై ఎనిమిదికి ఎవరు?”

రెండు చేతులు లేచాయి. బక్కోడికి అక్క మొహం కళ్లముందు మెదిలింది. ముగ్గురిలోనూ చేతిరాత బాగుండేది వాడిదే. తనకు తప్పని తెలిసిన అంకెను తనే గుండ్రంగా, అందంగా రాశాడు.

ఐదుకి పది నిమిషాలుండగా కాగితాలు ఇచ్చేశారు. సార్ నలభై వరకు లెక్కపెట్టుకుని సంతోషించాడు. “వచ్చే నెల రసాయనశాస్త్రం కూడా మీకే,” అన్నాడు. లెక్కలోని మైనస్ ఆరు కిలోలవాణ్ని తలుచుకుని నవ్వుకుంటూ ముగ్గురూ మెట్లు దిగారు.

మరుసటి ఏడాది, తొమ్మిదో తరగతి కొత్త పుస్తకం ముందేసుకున్న మేనకోడలు తనకొచ్చిన ఇరవై నాలుగుని మూడోసారి కూడా కొట్టేసింది. పుస్తకం చివర, మామయ్యా అతని స్నేహితులూ రాసిచ్చిన ‘జవాబులు’ పేజీలో, నలభై ఎనిమిది అని అచ్చయి ఉంది.