ఐదు నిమిషాల పని

"అది కాదు మాస్టారూ, ముందు నేను చెప్పేది వినండి."

"వినక్కర్లేదమ్మా. పోయిన నెల కంపెనీవాళ్లు అప్‌డేట్ పంపారు. నువ్వు వేసుకున్నావు. మర్నాటి నుంచి ఈ సి-టైప్ పోర్టులో ఏది పెట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఛార్జి ఎక్కదు. మానిటర్ వెలగదు. అంతేనా?"

కౌంటరుకు అవతల నిలబడ్డ పెయిషాన్ లాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకునే ఉంది. మెట్లన్నీ ఒక్క ఉరుకున దిగివచ్చినట్టుంది, ఇంకా ఊపిరి అందడం లేదు.

"అంతే. కానీ..."

"చూశావా!" కొట్టు యజమాని అకున్, తన భార్య షూజెన్ వంక తిరిగి కళ్లెగరేశాడు.

షూజెన్ చూడలేదు. పోర్క్ చాప్ అన్నం డబ్బా మూత తీసి, చాప్‌స్టిక్‌లు అతని చేతికివ్వబోతూ, "ఆ పిల్లను మాట పూర్తి చెయ్యనియ్యవయ్యా" అంది.

తైపేలోని గ్వాంగ్‌హ్వా బజారు నేలమాళిగలో వాళ్లది ఆరడుగుల లాప్‌టాప్ రిపేరు కొట్టు. ఆ ఆరడుగుల్లో అకున్ మాటకు ఎదురులేదు. వచ్చినవాళ్లు నోరు తెరవకముందే జబ్బు పేరు చెప్పెయ్యడం అతనికి అన్నం కన్నా ఇష్టం.

"బ్యాటరీ పద్నాలుగు శాతమే ఉంది మాస్టారూ. అందుకని..."

"పద్నాలుగా! బోలెడు. నాకు ఐదు నిమిషాల పని. ఇలా ఇవ్వు."

అంతలో ఆమె ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె ముఖం బిగుసుకుపోయింది. ఆ నేలమాళిగలో మాట సరిగ్గా వినబడదు. లాప్‌టాప్ కౌంటరు మీద పెట్టి, "ఆ, సార్... దొరికింది సార్... హలో?" అంటూ మెట్ల వైపు పరుగెత్తింది. సగం మెట్లెక్కి, వెనక్కి తిరిగి అరిచింది.

"మాస్టారూ! దయచేసి ఆపకండి!"

"విన్నావా? ఆపకుండా చెయ్యమంటోంది" అన్నాడు అకున్. అన్నం డబ్బా పక్కకు జరిపాడు.

ముందు కేబుల్ మార్చాడు. లాభం లేదు. ఛార్జరు మార్చాడు. అదీ అంతే. భూతద్దం కంటికి పెట్టుకుని పోర్టులోకి తొంగిచూశాడు. లోపల దుమ్ము లేదు, ఏదీ వంగలేదు. అగ్గిపెట్టంత మీటరును మధ్యలో తగిలించాడు. ఇరవై వోల్టులు చూపించాల్సింది ఐదు దగ్గరే నిలబడిపోయింది.

"అదీ సంగతి! రెండూ మాటలు మానేశాయి" అన్నాడు.

"ఏ రెండూ?"

"పోర్టూ, ఛార్జరూ. నాకు ఇంత కరెంటు కావాలని ఇది అడగాలి, అది ఇవ్వాలి. అప్‌డేట్ సగంలో ఏదో తిరకాసు పడి, అడిగే చిప్పు మొద్దునిద్ర పోయింది. మామూలుగా ఆపి మళ్లీ పెడితే సరిపోదు. ఒంట్లో కరెంటు బొట్టు లేకుండా పిండేస్తే అదే లేస్తుంది."

షూజెన్ మెట్ల వైపు చూసింది. "ఆ పిల్ల వచ్చేదాకా ఆగరాదూ? ఏదో చెప్పబోయింది."

"ఏం చెబుతుంది? త్వరగా కావాలంటుంది. అందరూ అనేదే."

లాప్‌టాప్ ఆపాడు. తిరగేసి మరలు విప్పాడు, మూత తీశాడు, బ్యాటరీ తీగ ఊడదీశాడు. పవర్ మీట మీద బొటనవేలు నొక్కిపెట్టి అరవై దాకా లెక్కపెట్టాడు. నలభై ఐదు దగ్గర షూజెన్ ఒక ముక్క అతని నోట్లో పెట్టింది. నమిలాడే గాని వేలు తియ్యలేదు.

తీగ మళ్లీ కలిపాడు. మూత బిగించాడు. ఛార్జరు పెట్టాడు.

మీటరు ఐదు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, ఒక్కసారిగా ఇరవైకి ఎగబాకింది. పక్కన చిన్న దీపం వెలిగింది. లాప్‌టాప్ ఆన్ చేసి మానిటర్ తీగ తగిలిస్తే తెర నిండా నీలం రంగు పరుచుకుంది.

"ఎంతసేపు పట్టింది?"

"ఏడు నిమిషాలు" అంది షూజెన్.

"నమలడానికి రెండు పోయాయి. అది నీ ఖాతా."

అప్పుడే పెయిషాన్ మెట్లు దిగుతూ కనిపించింది. ఇప్పుడు ముఖంలో కళ వచ్చింది. ఫోన్‌లో ఎవరితోనో, "టాక్సీ ఎక్కేశారా? రండి రండి, నేనిక్కడే ఉంటాను" అని నవ్వుతోంది. కౌంటరు దగ్గరికి వచ్చి, వెలుగుతున్న మానిటర్‌ను చూసింది. దీపాన్ని చూసింది. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"ఏం... ఏం చేశారు?"

"బాగు చేశాను! ఛార్జి ఎక్కుతోంది, బొమ్మ వస్తోంది. కావాలంటే తీగ తీసి, తిప్పి తిప్పి పెట్టి చూసుకో. ఇక పాత జబ్బు ఆనవాలు కూడా దొరకదు, నాదీ పూచీ!"

పెయిషాన్ స్టూలు మీద కూలబడింది.  రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది.

"సంతోషం పట్టలేకపోతోంది పాపం" అన్నాడు అకున్, భార్యతో గుసగుసగా. "కాస్త టీ పొయ్యి."

షూజెన్ టీ ఇచ్చింది. పెయిషాన్ ఆ గ్లాసు తాగకుండానే కౌంటరు మీద పెట్టేసింది. 

"మాస్టారూ, నేను దీన్ని తయారుచేసిన కంపెనీలోనే ఇంజనీర్ని. పదకొండు వేల మందికి వచ్చిన ఈ జబ్బు మా చేతికి అందేలోపే ఎవరో ఒకరు మీలాగే బాగుచేసేస్తున్నారు. మూడు వారాలు వెతగ్గా జబ్బుతో దొరికింది ఇదొక్కటే, మావాళ్లు వచ్చి పరీక్ష చేసి కారణం పట్టుకునేదాకా, బ్యాటరీ అయిపోయి జబ్బు మాయమవకుండా బయటి నుంచి కాస్త కరెంటు అందించండి చాలని అడగడానికి వచ్చాను."