ముందు వల

చేప కన్ను మీద ఈగ వాలింది. ఎవరూ తోలలేదు.

షామియానా చివర నిలబడి సుమియె దాన్నే చూస్తోంది. మునిసిపాలిటీ కట్టబోయే ఈతకొలనుకి భూమిపూజ. ఎర్ర చారల పరదా కట్టిన షామియానాలో, బల్ల మీద బియ్యం, ఉప్పు, ముల్లంగి, సారా సీసాలు, ఆ చేప. నాలుగు వెదురు బొంగుల మధ్య ఇసుక కుప్ప. పెద్దమనుషులంతా నల్ల సూట్లలో తలలు వంచి నిలబడ్డారు. మేయరు కురిహారా మాత్రం తల వంచుతూనే కెమెరా ఎటుందో చూసుకుంటున్నాడు. చేతులకి అప్పుడే తెల్ల తొడుగులు కూడా.

కంచె పక్కన పనివాళ్ళ వరసలో ఆమె చిన్నకొడుకు రియోజి ఉన్నాడు. గోడలు లేచాక ఇనప పరంజా ఎక్కేది వాడే. నిన్న అన్నం తింటూ మామూలుగా చెప్పాడు, ఈసారి కూడా పరంజా కింద వల కట్టే మాటే లేదట. ఆమె కంచం పక్కకి జరిపేసింది. గాలి వీస్తే వాడే కనిపిస్తాడు, వాన పడితే వాడే. వీధిలో అంబులెన్సు వెళ్తే వెంటనే వాడికి ఫోను కలుపుతుంది.

పెద్దవాడు షూహే ఇలాగే పోయాడు. మునిసిపల్ లైబ్రరీ కడుతుంటే పరంజా మీంచి జారాడు. కింద వల లేదు. వలకి డబ్బు చాలలేదన్నారు. పూజకి మాత్రం చాలింది. అప్పుడూ ఇదే కంపెనీ, ఇదే మేయరు, ఇదే పూజారి. విచారణలో ఒక అధికారి లేచి, "భూమిపూజ ఏ లోపం లేకుండా జరిపించామండీ" అన్నాడు, అదేదో నడుముకి కట్టిన తాడైనట్టు.

షూహే పోయిన నాటి నుంచీ సుమియె ఆ పూజారితో మాట మానేసింది.

ఆయన తెల్ల కాగితాల కొమ్మ ఊపాడు. గొంతు సవరించుకుని, నున్నటి గొంతుతో మొదలుపెట్టాడు. "ఈ నేలను ఏలే దేవరా, ఇక్కడ పని చేసే ఏ ఒక్కరికీ గోరంత దెబ్బయినా తగలకుండా..."

అవే మాటలు. ఒక్క అక్షరం మారలేదు.

పూజారి చదవడం ముగించాడు. ఇక మేయరు ఒక్కో కేకతో ఇసుక కుప్పలో మూడుసార్లు గునపం దించాలి. అది పడితేనే పని మొదలైనట్టు. కురిహారా గునపం అందుకుని, నవ్వు మొహం పెట్టుకుని ముందుకొచ్చాడు.

సుమియె గబగబా వెళ్ళి ఇసుక కుప్ప మీద చతికిలబడింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు కురిహారా, నవ్వు అలాగే ఉంచుకుని.

"ముందు వల. తర్వాత గునపం."

"అవన్నీ ఆఫీసులో మాట్లాడుకుందాం రండి. దేవుడి ఎదుట ఇలా..."

"దేవుణ్ణి ఇక్కడికి ఎవరు పిలిచారు? ఇది గుడా? జనం పన్నులతో కట్టే ఈతకొలను. మీరు కట్టాల్సింది మీరు కట్టకుండా ఆయన నెత్తిన రుద్దుతారేం?"

"ఇది మతం కాదమ్మా, ఆచారం. మన తాతల నాటి నుంచీ..."

"మతం కాకపోతే ఆ చేప ఎవరికి పెట్టారు, మీకా?"

పనివాళ్ళ వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రియోజి మొహం ఎర్రబడింది. "అమ్మా, లే! పరువు తీస్తున్నావ్."

"నీ పరువు తర్వాత చూద్దాం. నువ్వు బతికుండు ముందు."

షామియానాలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. "ఎవరి ముందు ఏం చేస్తోందో చూడవే! పాపం, ఆ పూజారి గారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు."

కురిహారా చేతితొడుగులు చెమటకి తడిశాయి. కంపెనీ మేనేజరు ఆయన చెవిలో ఏదో అన్నాడు. సుమియెకి అక్కడికే వినిపించింది. గునపం పడకుండా పూజ ఆగిపోతే అపశకునం. పనివాళ్ళు ఇక ఆ స్థలంలో కాలు పెట్టరు.

మేయరు పూజారి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి సామీ!"

పూజారి తల ఎత్తలేదు. "నా మాట వినదండీ."

చివరికి కురిహారా మైకు లాక్కున్నాడు. వల కట్టకుండా ఒక్క మనిషిని కూడా పరంజా ఎక్కించబోమని, మునిసిపాలిటీ తరఫున మాట ఇస్తున్నానని, విలేకరులందరి ముందూ చెప్పాడు.

కుర్రాడు చచ్చిపోతే కదలని మనిషి, శకునానికి కదిలాడు. సుమియె లేచి, బట్టలకి అంటిన ఇసుక దులుపుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. వెనక గునపం దిగింది. "ఏయ్! ఏయ్! ఏయ్!" అని మేయరు కేక. ఆ వెంటనే చప్పట్లు.

సాయంత్రం పూజారి ఇంటికి చేరి, గుమ్మంలో చెప్పులు విడిచి, వంటింట్లోకి వచ్చి, ముల్లంగి తరుగుతున్న ఆమె వెనక నిలబడి, "షూహే నాకూ కొడుకేనే" అన్నాడు.