ప్రతి గుమ్మంలో అదే మాట

"నేనే వద్దన్నాను పెద్దమ్మా. నర్సమ్మ మూడుసార్లు గుమ్మందాకా వచ్చి బతిమాలితే, మూడుసార్లూ తలుపేసుకున్నాను."

ఆ మాట చెప్పి చిట్టి వాళ్ళమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కనే నిలబడ్డ నర్సమ్మ తల వంచుకుని, సరిగ్గానే ఉన్న సంచి పట్టీని మళ్ళీ సరిచేసుకుంది. పొద్దున్నుంచి ఇది ఏడో గుమ్మం. ఏడు చోట్లా చిట్టి వాళ్ళమ్మ అదే చెప్పింది.

చిట్టి తట్టు పోసి చనిపోయి నాలుగు నెలలైంది. అప్పటికి పది నెలల పిల్ల. పిల్ల పోయినా తల్లికి ఆ పేరు మాత్రం మిగిలిపోయింది.

వాగు అవతలున్న ఈ పాతిక గడపలకూ సూది మందంటే హడల్. జ్వరం వస్తుందని ఒకరంటే, కాలు పడిపోతుందని ఇంకొకరనేవారు. నర్సమ్మ వస్తోందంటే చాలు, పిల్లల్ని చంకనేసుకుని చేలకు చెక్కేసేవారు. పన్నెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగినా ఆమె మాట ఇక్కడ చెల్లలేదు. చిట్టి పోయిన పదిహేనో రోజున తల్లే ఆమెను వెతుక్కుంటూ వచ్చి, ఇకమీదట ఇల్లిల్లూ తానూ తిరుగుతానంది. అప్పటినుంచి ఒక్కో గడపా మెత్తబడుతూ వచ్చింది.

ఈ ఏడో గుమ్మం పెద్దమ్మ మాత్రం అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఆవిడ నోటికి జడిసి కోడలు కూడా పెరటి దారినే తిరుగుతుంది. ఒళ్ళోని మనవణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుని, చిట్టి వాళ్ళమ్మను ఎగాదిగా చూసింది.

"అయితే కడుపున పుట్టినదాన్ని చేజేతులా పోగొట్టుకున్నావన్నమాట."

"అవును పెద్దమ్మా. నువ్వు పోగొట్టుకోకు."

పెద్దమ్మ మనవడితో లేచింది. లోపలికెళ్ళి తలుపు ఓరగా వేసుకుంది.

వాగు గట్టు మీద నర్సమ్మ ఉండబట్టలేకపోయింది. నలుగురు చేరితే నిన్నే ఆడిపోసుకుంటున్నారు, ఒకే ఇంట్లో ఉంటూ మీ అత్తగారు కూడా నిన్ను పలకరించడం మానేసిందట, ఇక ఈ మాట చెప్పడం చాలించు, మిగతాది నేను చెప్పుకుంటానంది. చిట్టి వాళ్ళమ్మ నడక ఆపలేదు.

"నన్ను తిట్టుకుంటూనే పిల్లల్ని తెస్తున్నారు కదా నర్సమ్మా. నాకది చాలు."

మధ్యాహ్నం బడి వరండాలో పదిమంది పిల్లలు చేరారు. ఇంతమంది ఒకేసారి రావడం నర్సమ్మ ఎరుగదు. సూది పడి గుక్కపెట్టిన ప్రతి బిడ్డనూ చిట్టి వాళ్ళమ్మ అందుకుని, భుజాన వేసుకుని, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పింది. ఆఖరి బిడ్డ ఏడుపు ఆగాక ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. వాటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు నిలబడింది. నర్సమ్మ చూపు మందుల పెట్టె మీదికి తిప్పుకుంది.

అందరూ వెళ్ళిపోయాక, పెట్టె మూసే వేళకు పెద్దమ్మ రొప్పుతూ వచ్చింది. చంకలో మనవడు. తట్టు టీకా సీసా అప్పటికే అయిపోయింది.

సాయంగా వచ్చిన ఆశా కార్యకర్త నర్సమ్మ చెవి దగ్గరికి వంగింది. "ఒక్కడి కోసం కొత్త సీసా తెరుస్తారా? పదిమందికి సరిపోయే మందు. తెరిచాక నాలుగు గంటలు దాటితే పారబోయాల్సిందే. ఆఫీసులో సంజాయిషీ అడుగుతారు. వచ్చే నెల రమ్మంటే సరిపోదా?"

"అడగనీ," అంటూ నర్సమ్మ సీసా మూత తీసింది.

సూది పడింది. వాడు కెవ్వుమన్నాడు. పెద్దమ్మ మనవడి వీపు నిమురుతూ, నీ చెయ్యి చల్లగుండాలని నర్సమ్మను దీవించింది. అంతటితో ఊరుకుంటే ఆవిడ పెద్దమ్మ ఎలా అవుతుంది? చిట్టి వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"ఇంత మంచి మనిషి గుమ్మంలోకొచ్చి బతిమాలితే తలుపెలా వేసుకోబుద్ధయిందే నీకు?"

చెప్పేద్దామని నర్సమ్మ నోరు తెరిచింది. చిట్టి వాళ్ళమ్మ వద్దన్నట్టు తలూపి, ఏడుస్తున్న పిల్లాడి కోసం చేతులు చాచింది.

సూది మందుకు చిట్టి ఒక్కతే వచ్చిన రోజు, సీసా తెరవకుండా తల్లీబిడ్డల్ని తిప్పి పంపింది నర్సమ్మే.