ఏడు కిలోల లోపు

పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని కంసాలి పెద్దాయన రంపంతో సగానికి కోసేశాడు.

"కొత్తదండీ అది," అంది భార్య.

"తోమేది కుచ్చు. పిడి మొయ్యడం దండగ," అన్నాడాయన, తెగిన ముక్కని నగల తక్కెడలో వేసి తూస్తూ.

కొండల్లో వారం రోజుల కాలినడక. తిండి, గుడారం, పక్కబట్టలు, అన్నీ వీపు మీదే మొయ్యాలి. డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, ఈ వయసులో ఏడు కిలోలు దాటితే ఒప్పుకోనన్నాడు. దాటేట్టయితే ప్రయాణమే మానుకోవాలన్నాడు. మొదటిసారి కట్టిన సంచి పదకొండు తూగింది. ఆ పూట నుంచి పెద్దాయనకి తిండి సయించలేదు.

జన్మంతా చాప మీద కూర్చుని బంగారం తూచిన చెయ్యి. గురిగింజ ఎత్తు తేడా వచ్చినా ఇట్టే పట్టేస్తుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఫోనులో కొండలెక్కేవాళ్ళ వీడియోలన్నీ జల్లెడ పట్టాడు. తువ్వాలు పోయి జేబురుమాలు వచ్చింది. సబ్బు అరిగి రూపాయి బిళ్ళంత మిగిలింది. వానకోటుకున్న జేబులు కుట్లు విప్పించుకుని బయటికి నడిచాయి.

భార్య ఊరుకుంటుందా? ఆయన అటు తిరగ్గానే ఇటు ఉన్ని శాలువా దూర్చేది. కంసాలి నూరు దెబ్బలకి కమ్మరి ఒక్క దెబ్బ అన్నట్టు, అన్నాళ్ళు ఆయన గీకి గీకి తగ్గించిన బరువు ఆ ఒక్క శాలువాతో వెనక్కొచ్చి కూర్చునేది.

"రాత్రిళ్ళు చలి కొరికేస్తుందటండీ."

"ఎక్కి ఎక్కి అలిసిన ఒంటికి చలేమిటి? నడుం వాల్చగానే నిద్రే."

"చూసొచ్చినట్టే చెప్తారు."

శాలువా బయటికొచ్చింది. దాని వెనకే రెండో జత చెప్పులు, అద్దం, దువ్వెనలో సగం పళ్ళు. నవల దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. చివరికి ఆయనే ఓ మెట్టు దిగి, చదవడం అయిపోయిన పేజీలు చించేసి, మిగతావి ఉండనిచ్చాడు. చించిన పేజీలన్నీ భార్య ఏరుకెళ్ళి బీరువాలో దాచింది.

పక్కింటి దర్జీ గోడ మీంచి ఈ తతంగం చూసి, మరీ ఇంత చాదస్తమా బాబాయ్ అని నవ్వాడు.

"మోసే నడుముకి తెలుస్తుందిరా బరువు," అన్నాడు పెద్దాయన.

పైకి అలా ధీమాగానే ఉండేవాడు. నిద్రపడితే మాత్రం ఒకటే కల. కొండదారిలో కాలు జారినట్టూ, సంచి బరువుకి లేవలేక వెల్లకిలా పడ్డ తాబేలులా గిలగిల కొట్టుకుంటున్నట్టూ. తెల్లారి లేవగానే గుడారం మేకుల్లోంచి ఇంకొకటి తీసేసేవాడు.

బయల్దేరే రోజు పొద్దున్న కాటా ముల్లు ఏడు దాటి వెంట్రుకవాసి అవతల నిలబడింది. ఇద్దరూ దానికి చెరోవైపూ కూలబడ్డారు.

"ఇంకేం మిగిలాయండీ తియ్యడానికి? మనిషి తప్ప," అంది భార్య.

పెద్దాయన సంచి చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. వేలాడుతున్న పట్టీల కొసలు కత్తిరించాడు. కంపెనీ పేరున్న గుడ్డముక్క ఊడదీశాడు. జిప్పుల నాలికలు పట్టకారుతో పీకేసి, వాటి స్థానంలో దారప్పోగులు కట్టాడు.

ముల్లు కాసేపు ఊగిసలాడి, ఏడుకి ఇవతలే ఆగింది. ఎన్నాళ్ళకో ఆయన ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాడు.

బస్సు వీధి చివరే ఆగుతుంది. సంచి వీపున తగిలించుకుని ఆయన ముందు, భార్య వెనక. నాలుగిళ్ళు దాటేసరికి ఆయన ఆగి చెప్పు సర్దుకున్నాడు. ఇంకో నాలుగిళ్ళకి మళ్ళీ సర్దుకున్నాడు. భార్య చూసీ చూడనట్టు ఆకాశం వంక చూస్తూ నిలబడింది.

బస్సు రాగానే ఆవిడ ఆయన వీపు మీంచి సంచి అందుకుని, పూలబుట్టలా తన వీపున వేసుకుని, వారం రోజులూ వేళకి వండుకు తినమని చెప్పి, లోపల్నుంచి రమ్మని చేతులూపుతున్న తన నడక జట్టు ఆడవాళ్ళ మధ్యకెళ్ళి కూర్చుంది.