పిక్క నరం

“సెయ్యి కోసరం కాలు కోస్తారా? అయ్యే పని కాదు సారూ,” అంది శ్రీశైలమ్మ, కోడలి ఒళ్లోంచి మనవణ్ణి లాక్కుని.

ఆదోనిలో పిల్లల ఆస్పత్రి, పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం. పుట్టేటప్పుడు మెడ దగ్గర నరాలు తెగి, ఐదు నెలల ఆ పసివాడి కుడిచెయ్యి పేలికలా వేలాడుతోంది. పిక్క వెనక నుంచి ఒక నరం తీసి అక్కడ అతికితే చెయ్యి లేవొచ్చని, ఆలస్యమైతే కండ ఎండిపోతుందని డాక్టరు భీమసేనరావు చెప్పాడు. మద్రాసులో చేసేవాళ్లున్నారట, తనే మాట్లాడి పంపిస్తాడట. కోడలు గిరిజమ్మ కళ్లు తుడుచుకుంటూ అత్త ముఖం చూస్తోంది. ఆ ఇంట్లో శ్రీశైలమ్మ ఊ అననిదే పొయ్యి కూడా వెలగదు మరి.

మీరు ఎమ్మిగనూరు నేతగాళ్లు కదా, తెగిన పోగుకు ముక్క వేసి అతకరా, ఇదీ అంతే అన్నాడు డాక్టరు. ఒక చీర బాగుచెయ్యడానికి ఇంకో చీర చింపేటంత తెలివితక్కువ వాళ్లం కాము, అందావిడ. ఆ నరం కాలిని కదిలించదని, బయటి చీలమండ వెనగ్గా దిగి చిటికెనవేలి వైపు అంచుకు స్పర్శ మాత్రం ఇస్తుందని, అది పోయినా నడకకు లోటుండదని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

“నడక ఒకటేనా అప్పా? మగ్గం గుంటలో కాళ్లతో పలక తొక్కాల. కాలికి తెలీకపోతే నేత యాడొస్తాది? నా కాలు సూడు, పోగు పడినా తెలుస్తాది,” అని కుడికాలు ఎత్తి బల్ల మీద పెట్టేసింది మహాతల్లి.

బయటి చీలమండ వెనక లోతుగా పాత మచ్చ ఉంది. కొత్త కాపురంలో మగ్గం గుంట అంచు బండ కోసిందని, అయినా మర్నాడే మగ్గంలో కూర్చున్నానని, ఈనాటికీ నేస్తూనే ఉన్నానని గొప్పగా చెప్పింది. భీమసేనరావు సూదితో పరీక్ష చేస్తానన్నాడు. చేసుకోమంది. పిల్లాణ్ణే చూస్తూ ఉండి, గుచ్చుకున్నప్పుడు చెప్పమన్నాడాయన.

వాడు ఎడమచేత్తో నాయనమ్మ ముక్కుపుడక పట్టి లాగాడు. నీకు రెండు చేతులూ ఉండాలని నాకు మాత్రం లేదా బంగారూ అంటూ వాణ్ణి ముద్దాడింది. కాసేపు వాణ్ణి ఆడించింది. చివరికి విసుగొచ్చింది.

“ఎంతసేపప్పా, గుచ్చేదుంటే గుచ్చు.”

గిరిజమ్మ అత్త పాదం చిటికెనవేలి వైపు అంచు వంక చూసి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అంది:

“గుచ్చి శానాసేపయింది అత్తా.”